జెండానా, మెస్ కమిటీనా: కాలేజీలో లీడర్ కావాలంటే ఏది మేలు?

మా మేనల్లుడు ములుగు నుంచి వచ్చి హనుమకొండలో డిగ్రీ ఫస్టియర్‌లో చేరాడు. నెల తిరగకముందే ఫోన్: "మామా, స్టూడెంట్ లీడర్ కావాలంటే ఏ సంఘంల చేరాలె?" నేను కొన్నాళ్లు సీఆర్‌గా (క్లాస్ రిప్రజెంటేటివ్) ఉన్నాను, సంఘంలో తిరిగాను, హాస్టల్ మెస్ కమిటీలోనూ చేశాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందుగా ఒక సంగతి. ఓట్లతో గెలిచే లీడర్లు మన రాష్ట్ర యూనివర్సిటీల్లో లేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర్లో ఆగిన విద్యార్థి ఎన్నికలు మళ్లీ గాడిన పడలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల మాత్రం జరుగుతాయి. 75 శాతం హాజరు ఉండాలి, ఖర్చు 5,000 దాటొద్దు, అచ్చు పోస్టర్లు వద్దు అని 2006లో లింగ్డో కమిటీ పెట్టిన నియమాలు అలాంటి చోట్లకే. మనకు మిగిలినవి మూడు దారులు: సార్ చూపించే వేలు, సంఘం ఇచ్చే పదవి, హాస్టల్లో ఎత్తే చేతులు.

సార్ వేలు చూపిస్తే సీఆర్ అవుతావు. అటెండెన్స్ షీట్లు మోయడం, వాట్సాప్ గ్రూపులో "రేపు ఇంటర్నల్స్" అని పెట్టడం. అంతకంటే చెప్పడానికేం లేదు.

సంఘం అలా తీసిపారేసేది కాదు, వరంగల్లో అసలే కాదు. 1972లో ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య తర్వాత పుట్టిన పీడీఎస్‌యూకూ, 1970ల మధ్యలో వచ్చిన ఆర్‌ఎస్‌యూకూ, రెండు ఎర్రజెండా విద్యార్థి సంఘాలకూ, అప్పట్లో ఇక్కడి హాస్టళ్లే బలం. 2009 చివర్లో తెలంగాణ కోసం కాకతీయ యూనివర్సిటీ పిల్లలు రోడ్డెక్కిన రోజులు మా ఈడు వాళ్లందరికీ గుర్తే. జెండా ఎరుపైనా కాషాయమైనా మూడు రంగులదైనా అది చేసే మేలు ఒకటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ టీసీ ఆపితే, నాయన ఒక్కడే వెళ్లి చేతులు కట్టుకుని నిలబడినా పని కాదు. ఇరవై మంది జెండా పట్టుకుని వెళ్తే సాయంత్రానికి టీసీ చేతికొస్తుంది. మైకు ముందు వణకకుండా మాట్లాడటం నాకు నేర్పింది కూడా సంఘమే.

దాని ఖర్చు తర్వాత తెలుస్తుంది. ధర్నా కేసులో మాతోపాటు పేరెక్కిన ఒక దోస్తు మూడేళ్లకు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. అటెస్టేషన్ ఫారంలో "మీపై కేసులున్నాయా" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. దాచొద్దని మేమందరం చెప్పాం, రాశాడు, ఆలస్యమైనా ఉద్యోగం వచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేసిన కేసుల్లాంటి చిన్నవాటిని దాచినా, యజమాని తన విచక్షణతో పట్టించుకోకుండా వదిలేయొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వదిలేయొచ్చు అంది గానీ, వదిలేయాల్సిందే అనలేదు. గ్రూప్స్ రాసే పిల్లలు ఆ తేడా గమనించాలి.

ఇక హాస్టల్లో చేతులెత్తి ఎన్నుకునే మెస్ కమిటీ. మాది డివైడింగ్ సిస్టమ్: నెల ఖర్చును అందరూ కలిపి తిన్న మొత్తం రోజులతో భాగిస్తే రోజు చార్జీ వస్తుంది. సెకండియర్‌లో ఒక నెల అది ఉన్నట్టుండి తొమ్మిది రూపాయలు పెరిగింది. స్టాకు రిజిస్టర్ తిరగేశాను. బతుకమ్మ సెలవుల్లో హాస్టల్లో ఉన్నది ముప్పై మంది. అయినా 140 మందికి వండినట్టు రోజూ బస్తా బియ్యం ఖర్చు రాసి ఉంది. నాకు ఊపొచ్చింది. ధర్నాలో అరిచినట్టే డైనింగ్ హాల్లో వంట మాస్టర్ మీద అరిచాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తెల్లారి మాస్టర్ రాలేదు, టిఫిన్ లేదు. నిన్న చప్పట్లు కొట్టినవాళ్లే ఖాళీ ప్లేట్లు పట్టుకుని నన్ను తిట్టారు.

మధ్యాహ్నం మాస్టర్ ఇంటికి పోయాను. "తమ్మీ, రాసింది నేనా? నాకు చదువే రాదు" అన్నాడాయన. రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంటుందో నేను అడగనే లేదు. ఆ తర్వాత రోజూ పొద్దున ఇద్దరు పిల్లలు స్టోర్ రూమ్‌లో నిలబడి బియ్యం తూకం వేయించి సంతకం పెట్టాలని పద్ధతి పెట్టుకున్నాం. ఆరింటికి లేవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, బతిమాలాల్సి వచ్చింది. కూరగాయలకు లక్ష్మీపురం మార్కెట్‌కు వంతులేసుకున్నాం. రెండు నెలల్లో చార్జీ దిగింది. పేపర్లో ఫొటో రాలేదు లెండి.

అందుకే నా ఓటు మొదటి ఏడాది మెస్ కమిటీకే. లెక్క చూడటం, తప్పెవరిదో తెలుసుకున్నాకే నోరెత్తడం వచ్చాక సెకండియర్‌లో సంఘంలోకి వెళ్తే నీ మాటకు బరువుంటుంది. అయితే డే స్కాలర్‌కు ఈ సలహా చెల్లదు. జనగామ నుంచో పరకాల నుంచో రోజూ బస్సులో వచ్చిపోయేవాడికి మెస్సెక్కడిది? బస్సు పాసు, స్కాలర్‌షిప్ లాంటి వాటికి వాడు సంఘంతోనే మొదలుపెట్టాలి. కాకపోతే బంద్ రోజు ముందు వరసలో నిలబడే తొందర వద్దు.

మావాడిది హాస్టలే. ఈ నెల కమిటీకి పేరిచ్చాడట. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేసి, నూరు మందికి సాంబారంటే కందిపప్పు ఎన్ని కిలోలు పడుతుందని అడిగాడు.