ఆరేళ్లు ఈ ల్యాబ్ బిల్డింగ్‌లో పనిచేశాక రాస్తున్నా

చేరిన కొత్తలో రాసుంటే ఐదుకి ఐదు ఇచ్చేసేవాణ్ణి, ఇప్పుడు మూడున్నర. నాది సెల్ కల్చర్ పని, అంటే ప్లేట్లలో కణాలు పెంచడం, రోజుకి పది గంటలు ఇందులోనే ఉంటా.

ముందు బాగున్నది చెప్తా. బిగించేసిన బెంచీలు తక్కువ, దాదాపు అన్నీ చక్రాల టేబుళ్లే, కరెంటు, గ్యాస్, నెట్ అన్నీ సీలింగ్ నుంచి దిగుతాయి, టేబుల్ తోసుకొచ్చి కింద పెట్టి తగిలించుకోవడమే. ఫ్లోర్ మొత్తం 3.3 మీటర్ల మాడ్యూల్ మీద, అంటే అంత వెడల్పు ఒకే కొలత గడుల్లో వేశారు, అంటే అటో బెంచీ ఇటో బెంచీ ఉన్నా మధ్యలో ఇద్దరు ఒకరికొకరు తగలకుండా తిరగొచ్చు. మా గ్రూప్ మూడుసార్లు సర్దుకుంది, ప్రతిసారీ రెండు రోజుల్లో అయిపోయింది, పాత బిల్డింగ్‌లో అయితే నెల పట్టేది.

కానీ సింకు కదలదండీ! మంచినీళ్లు పైనుంచి తెచ్చుకోవచ్చు, వాడిన నీళ్లు పోవాలంటే వాటం కావాలి కదా, అందుకే సింకులన్నీ గోడ పక్కనే. రసాయనాల ఆవిరి బయటికి లాగేసే అద్దాల పెట్టె ఉంటుందే, ఫ్యూమ్ హుడ్, దానిదీ అదే కథ, డక్ట్ (గాలి పోయే గొట్టం) ఎక్కడుంటే అక్కడే. ఒక్క హుడ్ జరపడానికి నాలుగు నెలలు పట్టింది, సీలింగ్ పైన చోటు లేక ఇంకో డక్ట్ ఇరికించడానికి మా కల్చర్ రూమ్ పైకప్పే ఊడదీశారు, ఆ దుమ్ముకి మా పని ఆగింది. 1965లో అమెరికాలో కట్టిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన కేంద్రంలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ ల్యాబ్ ఫ్లోర్ల మధ్య పైపులకీ డక్టులకీ మనిషి నిలబడి పనిచేసుకునేంత ఎత్తు వదిలాడు, ల్యాబ్ జోలికి రాకుండా పైనే పని కానిచ్చెయ్యొచ్చు. ఖర్చే అనుకోండి, కానీ అసలు ఫ్లెక్సిబిలిటీ అంటే అదీ, చక్రాలు కాదు. ఇంకోటి, చక్రాల టేబుల్ మీద అనలిటికల్ బ్యాలెన్స్ (చాలా సన్నగా తూచే మిషన్) పెడితే అంకె నిలవదు, చివరికి మూలన రాతి బల్ల వేయించుకున్నాం.

ఇక పచ్చదనం. మధ్యలో ఏట్రియం, అంటే పైఫ్లోర్ల దాకా ఖాళీగా వదిలిన హాలు, అందులో చెట్లు, నిజంగా బాగుంటుంది, వేరే ఫ్లోర్ల వాళ్లతో సగం మాటలు అక్కడే. పడమర వైపు చెట్ల వల్ల మధ్యాహ్నం బ్లైండ్లు దించక్కర్లేదు. గొడవల్లా కల్చర్ రూమ్ బయట పెట్టిన కుండీలతో. తడి మట్టి, చిన్న చిన్న ఫంగస్ దోమలు, ఆపైన రెండు నెలలు ప్లేట్లలో బూజు. కుండీల వల్లే అని ప్రూవ్ చెయ్యలేను గానీ, ఏట్రియంలోకి మార్పించాక తగ్గింది.

బయటివాళ్లు చెట్లు చూసి గ్రీన్ బిల్డింగ్ అంటారు, నాకు నవ్వొస్తుంది. ల్యాబ్ గాలి మళ్లీ వాడటానికి లేదు, గంటకి ఆరు నుంచి పన్నెండు సార్లు మొత్తం మార్చాలి, అదంతా చల్లబరచడానికే కరెంటు తాగేస్తుంది. మా దాంట్లో హుడ్ అద్దం దించితే ఫ్యాన్ తగ్గుతుంది, పని అవగానే దించేస్తే ఆ కుండీలన్నిటికంటే ఎక్కువ మేలు, కానీ ఎవరూ దించరు, నేనూ మర్చిపోతా.

టెర్రస్ మీద గార్డెన్ కూడా ఉంది. ఓపెనింగ్ రోజు ఒకసారి ఎక్కాం. హుడ్ల పొగ గొట్టాలన్నీ అక్కడే తేలాయని తర్వాత గుర్తొచ్చి తాళం వేశారు, పై ఫ్లోర్ కిటికీలోంచి చూడ్డమే.