ఇంటర్‌సెప్టర్ 650కి స్లిప్-ఆన్ సైలెన్సర్లు, ఎయిర్ ఫిల్టర్: చప్పుడెంత, పికప్ ఎంత?

ముందే చెప్పేస్తున్నా, పవర్ కోసం సైలెన్సర్ మార్చాలనుకుంటే ఆ డబ్బులు దాచుకోండి. బండి బరువు తగ్గాలి, శబ్దం కాస్త గంభీరంగా ఉండాలి అనుకుంటే మాత్రం తప్పకుండా ఆలోచించవచ్చు. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్‌కి హైదరాబాద్‌లోని ఓ చిన్న షాపులో మన దేశంలోనే తయారైన స్లిప్-ఆన్ జత (కంపెనీ సైలెన్సర్ల స్థానంలో వేసే వెనక గొట్టాలు) వేయించాను, కొన్నాళ్లు నడిపాక, కడిగి మళ్లీ వాడుకోగలిగే కాటన్ ఎయిర్ ఫిల్టర్, చివర్లో పెట్రోల్ మోతాదు సరిచేసే ఫ్యూయల్ కంట్రోలర్. ఒకదాని తర్వాత ఒకటి వేయించాను కాబట్టి దేనివల్ల ఏం మారిందో విడదీసి చెప్పగలను.

శబ్దం సంగతి. ఇంటర్‌సెప్టర్ ఇంజిన్‌ది 270 డిగ్రీల క్రాంక్, రెండు సిలిండర్లూ సమాన వ్యవధిలో పేలవు, అందుకే ఆ తడబడుతున్నట్టుండే లయ. కంపెనీ సైలెన్సర్లలో అది ఎక్కడో లోపల వినిపిస్తుంది, స్లిప్-ఆన్ వేశాక పైకి వస్తుంది, చాలా బాగుంటుంది, అందులో సందేహమే లేదు. కానీ గొట్టం మూతి దగ్గర అలెన్ బోల్టుతో బిగించి ఉండే డీబీ కిల్లర్, అంటే శబ్దాన్ని తగ్గించే ముక్క, తీశారంటే కథ మారిపోతుంది. షాపు కుర్రాడు "తీసేద్దాం అన్నా, అసలు సౌండ్ అప్పుడే వస్తది" అన్నాడు, సరే చూద్దామని తీయించాను. పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పక్కన ఆపి ఉన్న కారు అలారం మోగింది, పై అంతస్తు నుంచి ఓ పెద్దాయన తొంగి చూశారు. ఒకే ఫోన్ యాప్‌తో ఒకే దూరం నుంచి కొలిస్తే డీబీ కిల్లర్ ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే చప్పుడు మధ్య దాదాపు పది డెసిబెల్స్ తేడా వచ్చింది. పదేగా అనుకోకండి, పది పెరిగితే చెవికి రెట్టింపు చప్పుడు. ఆ సాయంత్రమే మళ్లీ బిగించేశాను. హైవే మీద గంటసేపు ఒకే వేగంతో పోతుంటే హెల్మెట్‌లో నిండిపోయే ఆ హోరు తలనొప్పి తెప్పిస్తుంది, డీబీ కిల్లర్ ఉంటే ఆ బాధ చాలావరకు లేదు.

ఇక పవర్. కంపెనీ లెక్క 47 హార్స్ పవర్, 52 ఎన్ఎమ్ టార్క్. స్లిప్-ఆన్ అనేది వెనక గొట్టం మాత్రమే, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఇంజిన్ నుంచి వచ్చే బెండ్ పైపుల వైపే ఉండిపోతుంది. పొగకి అసలు అడ్డు అక్కడ, ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి అడ్డు ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ ఉండే పెట్టె) మూతి దగ్గర. ఆ రెండూ వదిలేసి చివర్లో గొట్టం మారిస్తే ఒకటీ రెండు హార్స్ పవర్ మించి ఆశించకూడదు. షాద్‌నగర్ వైపు ఖాళీగా ఉన్న చోట నాలుగో గేరులో 60 నుంచి 100కి ఎంతసేపు పడుతుందో మార్చకముందు, మార్చాక చూశాను, స్టాప్‌వాచ్‌లో పట్టుకోదగ్గ తేడా లేదు. బండి దూసుకుపోతున్నట్టు అనిపిస్తుంది, అది చెవి చేసే మాయ. నిజంగా తెలిసిన లాభం బరువు. కంపెనీ సైలెన్సర్ ఒకటి, కొత్తది ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని చూడండి, మీకే అర్థమవుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి తేలిగ్గా వాలుతోంది.

ఆ తర్వాత ఫిల్టర్ వేసినప్పుడు కూడా అంతే, పికప్‌లో ఏమీ లేదు. ఎయిర్ బాక్స్ మూతిని పెద్దది చేస్తే థ్రాటిల్ తిప్పినప్పుడు సీటు కింద నుంచి బొంగురు శబ్దం వస్తుంది, నాకు సైలెన్సర్ మోత కన్నా అదే నచ్చింది, వీధిలో వాళ్లకి వినపడదు, మనకే వినిపిస్తుంది. కానీ మన దుమ్ములో కాటన్ ఫిల్టర్‌ని వేళకి కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించే ఓపిక ఉండాలి, నూనె పట్టించకుండా బిగిస్తే సన్నటి దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకే.

కంట్రోలర్ పెట్టించాకే అసలు మార్పు వచ్చింది. నిదానంగా ఒకే వేగంతో పోతున్నప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఆక్సిజన్ సెన్సర్లని చూసుకుంటూ గాలి, పెట్రోల్ నిష్పత్తిని 14.7:1 దగ్గర ఉంచుతుంది, అది పొగ శుభ్రంగా ఉండటానికి. ఇంజిన్ గట్టిగా లాగాలంటే 13:1 దరిదాపుల్లో కావాలి. కంట్రోలర్‌తో పెట్రోల్ పాలు పెరిగి మిశ్రమం కాస్త చిక్కబడేసరికి ట్రాఫిక్‌లో రెండో గేరులో నిదానంగా పాకేటప్పుడు వచ్చే కుదుపు పోయింది, 3000 ఆర్పీఎం దగ్గర థ్రాటిల్ ఇవ్వగానే అందుకుంటోంది. బదులుగా మైలేజీ తగ్గింది. డబ్బులు ఒక్కదానికే ఉంటే నా ఓటు దీనికే, సైలెన్సర్‌కి కాదు.

షాపు పనితనం మాత్రం నచ్చలేదు. బిగించిన కొద్దిరోజులకే థ్రాటిల్ వదిలినప్పుడల్లా టపటపా పేలడం మొదలైంది. "ఫ్రీ ఫ్లో (పొగ అడ్డు లేకుండా పోయే సైలెన్సర్) అంటే అంతే అన్నా" అని పంపేశారు. బెండ్ పైపు, సైలెన్సర్ కలిసే చోట వేలు పెట్టి చూస్తే నల్లటి మసి గీత, సందు మూసే పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వేసి బిగించారు. ఆ సందులోంచి గాలి పీల్చుకుంటే గొట్టంలో మిగిలిన పెట్రోల్ ఆవిరి అక్కడే అంటుకుంటుంది, ఆ పేలుడు అదే. మళ్లీ వెళ్లి గట్టిగా అడిగితే కొత్త గ్యాస్కెట్ వేశారు, డబ్బులు తీసుకుని మరీ. పేలుడు దాదాపుగా ఆగిపోయింది. కొందరు ఆ పేలుడు కోసమే డబ్బులిచ్చి ట్యూన్ చేయించుకుంటారు, అర్ధరాత్రి ఆసుపత్రుల ముందు నుంచి అలా పేల్చుకుంటూ పోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పోలీసుల టెన్షన్ ఉంటుందా అంటే ఉంటుంది. 175 సీసీ దాటిన బైక్‌లకి తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్ద, కాలుష్య నిబంధనలు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ పడొచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోతుంది. విశాఖలో పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించారు. డీబీ కిల్లర్ ఉంటే వదిలేస్తారని షాపువాళ్లు చెప్పేది నమ్మకండి, కంపెనీది కాని గొట్టం కనపడితే ఆపి అడిగే హక్కు పోలీసులకుంది. అందుకే పాత సైలెన్సర్లు షాపులో వదిలేయకుండా, క్లాంపులు, బోల్టులతో సహా మూట కట్టించుకుని ఇంటికి తెచ్చుకోండి. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు, బండి అమ్మేటప్పుడు అవే అడుగుతారు, కొత్తవి కొనాలంటే జేబు ఖాళీ.