మా ఊరి బ్యాంకు మిత్ర కేంద్రం

మాది దేవరకొండ దగ్గర బ్యాంకు లేని ఊరు. ఉపాధి హామీ కూలి డబ్బులు తీసుకోవాలంటే అమ్మ ఒక రోజు పని మానుకొని, ఆటో ఎక్కి దేవరకొండ వెళ్ళేది. మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడి, "సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి" అనిపించుకొని ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడా పని కిరాణా కొట్టు పక్క గదిలో ఉన్న బ్యాంకు మిత్ర కేంద్రంలో, అంటే బ్యాంకు తరఫున ఊళ్ళోనే డబ్బులిచ్చే చోట, అయిపోతోంది.

కేంద్రం నడిపేది మా ఊరి అమ్మాయే. పత్తి ఏరి ఏరి అమ్మ వేళ్ళ గీతలు అరిగిపోయాయి. మొన్న యంత్రం మూడుసార్లు వేలిముద్ర తీసుకోలేదు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. "తొందరేమీ లేదు పెద్దమ్మా" అంటూ తడిగుడ్డతో వేళ్ళు తుడిచి, కాసేపు ఆరనిచ్చి, ఉంగరపు వేలు పెట్టించింది. ముద్ర పడింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు చదివి వినిపించి, ఖాతాలో ఇంకెంత ఉందో చెప్పింది. చదువు రాని మనిషికి ఆ చివరి మాట ఎంత ధైర్యమో! పైన ఒక్క రూపాయి అడగలేదు. వేరే ఊళ్ళో ఒకచోట రసీదు ఇవ్వకుండా ఇరవై రూపాయలు పట్టుకున్నారు. అది తప్పు. కమీషన్ ఇవ్వాల్సింది బ్యాంకు, కూలి మనిషి కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆధార్ వేలిముద్రతో ఒక దఫాకు 10,000 రూపాయలు మించి రావు. విత్తనాల కాలంలో మధ్యాహ్నానికే నగదు అయిపోతుంది. పంట రుణానికి మళ్ళీ దేవరకొండే గతి. కేంద్రానికి వెళ్ళేవాళ్ళు ఉదయం పది లోపే వెళ్ళండి, రసీదు అడిగి తీసుకోండి.