సాలిహుండం కింద రాత్రి పూలు

శ్రీకాకుళం జిల్లా సాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలను 1919లో గుర్తించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. వాటిని చూడ్డానికి అందరూ పొద్దున్నే ఎక్కి ఎండెక్కేలోపు దిగిపోతారు. మేమూ అంతే. దిగాక వంశధార వైపు నీళ్ళు నిలిచిన పల్లంలో కేసరిచెట్లు (గడ్డ నుంచి మొలిచే లిల్లీలాంటి మొక్కలు) కనబడ్డాయి గానీ, పూలన్నీ తడిసిన కాగితం ముక్కల్లా వేలాడుతున్నాయి. గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన నవ్వాడు. "ఇది రేత్రి పూసే పువ్వు బాబూ, ఎండలో వొస్తే ఏటి కనిపిస్తాది?"

మేం బస చేసిన చోటు తప్పని అప్పుడు తెలిసింది. లాడ్జి శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్ దగ్గర. గది శుభ్రం, నీళ్ళకు లోటు లేదు, కింద టిఫిను బాగుంది. కానీ చీకటి పడ్డాక ఊరవతలకి ఆటో రాదు. (రైల్లో వచ్చేవాళ్ళకి ఇంకో మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆముదాలవలసలో.) మర్నాడు కళింగపట్నం బీచ్ వైపు గదికి మారాం. పరుపు పల్చన, దోమలు దండిగా. అయినా ఈ పువ్వు కోసమైతే అదే నయం. చేపల పులుసు ఒక్కటి చాలు, మిగతావన్నీ క్షమించేయొచ్చు.

ఆటో మాట్లాడుకుని సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. అయిదున్నరకే డ్రైవరు హారన్ మొదలెట్టాడు. తిరుగు బేరం దొరకదని అతని బాధ, న్యాయమే. ఇంకో రెండొందలకి ఒప్పుకున్నాడు.

చీలమండ దాకా బురద. వరదకి గట్టు కోసుకుపోయిన చోట గడ్డ బయటపడి ఉంది. పొరలు పొరలుగా, మెడ సాగిన పెద్ద ఉల్లిపాయలా. చూసి ముచ్చటపడి తవ్వుకోకండి. తింటే వాంతులే, పైగా ఆ మొక్క బతికేదే దాంతో. వెలుగు తగ్గేకొద్దీ కాడ చివరి మొగ్గలు ఒక్కొక్కటే విడ్డాయి. ఆరు సన్నటి తెల్ల రేకులు వెనక్కి వంగి, మధ్యలో ఎర్రటి కేసరాలు. వాసన ముందు తెలియదు, చీకటితోపాటు చిక్కబడుతుంది.

ఇంతలో మా వెనక వెలుగు పడింది. హారన్ కొట్టిన మనిషే ఆటో తిప్పి హెడ్‌లైటు పూల మీదికి పెట్టాడు. "రోజూ ఈ దారంటే పోతాను సార్, ఎప్పుడూ సూడనేదు" అన్నాడు.

వలస పక్షులు చేరే తేలినీలాపురం కూడా కలుపుకుందామనుకుంటే టెక్కలి దాకా పోవాలి. పక్షుల కోసమైతే వానలు తగ్గాక వెళ్ళండి. మేం మానేశాం. డ్రైవరు మాత్రం పోతూ పోతూ ఒక ముదురు కాయ తెంపి జేబులో వేసుకున్నాడు. మట్టి లేకపోయినా ఆ గింజ మొలకెత్తుతుందని చెప్తే నమ్మలేదు.