ఎక్లిప్స్, ఇంటెలిజే, వీఎస్ కోడ్: మూడూ వాడి చూశాక జావా పనికి నేను ఉంచుకున్నది

మా చిన్నాన్న కొడుకు బీటెక్ చివరి సంవత్సరం. మొన్న ఫోన్ చేసి "అన్నా, జావాకి ఏ ఐడీఈ వేసుకోమంటావ్, ఒకటే చెప్పు" అన్నాడు. ఐడీఈ అంటే కోడ్ రాయడం, నడపడం, తప్పులు వెతకడం అన్నీ ఒకేచోట చేసే సాఫ్ట్‌వేర్. సరిగ్గా అదే సమయంలో నేను కూడా కొత్త ప్రాజెక్టు కోసం మూడింటిని వారానికొకటి చొప్పున వాడి చూస్తున్నాను కాబట్టి, వాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. వీడియోల్లో చూపించే పోలికలు నాకు ఏమాత్రం పనికి రాలేదు, ఎందుకంటే అక్కడ పది లైన్ల ప్రోగ్రాం తెరిచి "చూడండి ఎంత ఫాస్టో" అంటారు, పది లైన్లకి నోట్‌ప్యాడ్ కూడా ఫాస్టే. అందుకని నేను రోజూ పని చేసే స్ప్రింగ్ బూట్ (జావాలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టునే మూడింటిలోనూ తెరిచి, రోజూ చేసే మూడు పనులే చేశాను: చాలా చోట్ల వాడిన ఒక మెథడ్ పేరు మార్చడం, ఫలానా కస్టమర్ నంబర్ వచ్చినప్పుడు మాత్రమే ప్రోగ్రాం ఆగేలా బ్రేక్‌పాయింట్ పెట్టి తప్పు పట్టుకోవడం, యూజర్‌కి కనబడే తెలుగు మెసేజ్‌ల ఫైల్ దిద్దడం.

ఎక్లిప్స్ అనగానే చాలామంది "ఇంకా అదేనా" అంటారు. ఐబీఎం 2001లో ఓపెన్ సోర్స్ చేసిన సరుకు, పాతదే, నేనూ కోచింగ్‌లో మొదట నేర్చుకున్నది దీన్నే. కానీ ఐదేళ్ల తర్వాత మళ్లీ తెరిస్తే నాకు గౌరవం పెరిగింది. దీనికి సొంత కంపైలర్ (కోడ్‌ని నడిచే రూపంలోకి మార్చేది) ఉంది, ఫైల్ సేవ్ చేయగానే మారిన భాగాన్నీ, దాని మీద ఆధారపడ్డ ఫైళ్లనీ మాత్రమే మళ్లీ కంపైల్ చేసి, ప్రాజెక్టులో ఇంకెక్కడ తేడా కొట్టిందో ఆ క్షణమే కింద చూపిస్తుంది. డీబగ్ చేస్తూ మెథడ్ లోపల ఒక లైను మార్చి సేవ్ చేస్తే నడుస్తున్న ప్రోగ్రాంలోకి ఆ మార్పు వెళ్లిపోతుంది, మళ్లీ మొదటినుంచి స్టార్ట్ చేయనక్కర్లేదు. స్ప్రింగ్ టూల్స్ కూడా దీనికి ఉచితం. నచ్చనిది సెట్టింగులు, ఒక్కోటి ఒక్కో మూల ఉంటుంది, పర్‌స్పెక్టివ్‌లు, వ్యూలు (తెర మీద కిటికీల అమరికలు) అలవాటయ్యేదాకా ఏది ఎక్కడ మాయమైందో వెతుక్కోవాలి.

ఇంటెలిజే ప్రాజెక్టు తెరవగానే పనిలోకి దిగనివ్వదు, మొత్తం కోడ్‌ని ఇండెక్స్ చేసుకుంటుంది, అంటే ఏది ఎక్కడుందో ముందే రాసిపెట్టుకుంటుంది. ఆ కాసేపు ఓపిక పడితే తర్వాత వచ్చే సుఖం వేరు. పేరు మార్చమంటే కామెంట్లలో, స్ట్రింగుల్లో ఉన్నవి కూడా వెతకమంటావా అని అడుగుతుంది, మార్చే ముందు జాబితా చూపించమంటే చూపిస్తుంది. ఒక ఇఫ్ కండిషన్ దగ్గర "ఇది ఎప్పుడూ నిజమే" అని హెచ్చరిక కనబడితే మొదట పట్టించుకోలేదు, తీరా చూస్తే నిజంగానే ఆ పైన నేను రాసిన చెక్ వల్ల కింది ఎల్స్ భాగం ఎప్పటికీ నడవదు. రివ్యూలో ఇద్దరం చూసి కూడా వదిలేసిన తప్పు అది! ఈ ఒక్క కారణానికే నాకిది కావాలనిపించింది. ఇక మెమరీ: దీని హీప్ (తన పనికి తీసుకునే మెమరీ) పరిమితే మామూలుగా 2 జీబీ, దాని పక్కన క్రోమ్, డాకర్, మన అప్లికేషన్ కూడా నడవాలి. 16 జీబీ ఉంటే దిగుల్లేదు.

డబ్బు సంగతి ఇప్పుడు మారింది. 2009 నుంచి ఉన్న ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌లో స్ప్రింగ్, డేటాబేస్ సౌకర్యాలు ఉండేవి కావు, అవి కొనుక్కోవాల్సిన అల్టిమేట్‌లోనే. 2025.3 వెర్షన్ నుంచి రెండింటినీ కలిపి ఒకటే చేశారు, డబ్బు కట్టకపోయినా అదే నడుస్తుంది, పూర్తి సౌకర్యాలకి మాత్రం సబ్‌స్క్రిప్షన్ కావాలి. స్టూడెంట్స్‌కి కాలేజీ మెయిల్‌తో చదువు కోసం ఉచిత లైసెన్స్ ఇస్తారు, చాలామంది పిల్లలకి ఈ సంగతి తెలియదు.

వీఎస్ కోడ్ గురించి అందరూ అనే మాట "తేలిక". పైథాన్‌కో జావాస్క్రిప్ట్‌కో అయితే ఒప్పుకుంటాను. జావా ఎక్స్‌టెన్షన్లు వేశాక మాత్రం వెనకాల నడిచే లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌ని చదివి సూచనలు, తప్పులు చెప్పే ప్రోగ్రాం) ఎక్లిప్స్ వాళ్ల ఇంజినే, అది కూడా జావా ప్రాసెస్సే, మెమరీ అదీ తింటుంది. అంటే "ఎక్లిప్స్ పాతది, అందుకే వీఎస్ కోడ్‌కి వచ్చేశా" అనేవాళ్లు లోపల ఎక్లిప్స్‌నే వాడుతున్నారు. పేరు మార్చడం, డీబగ్ రెండూ బాగానే చేసింది, ఫ్రంటెండ్ కూడా అదే విండోలో రాసుకునేవాళ్లకి హాయి.

తెలుగు మెసేజ్‌ల ఫైల్ విషయం ఏ పోలికలోనూ దొరకదు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. మెసేజ్‌లు దాచే జావా ప్రాపర్టీస్ ఫైళ్లు మొదట్లో యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనీ నేరుగా దాచే ఎన్‌కోడింగ్) కావు, తెలుగు అక్షరం ప్రతిదాన్నీ ఆరు గుర్తుల యూనికోడ్ సంఖ్యగా రాయాల్సి వచ్చేది, "తెలుగు" అన్న ఒక్క మాటకే ఆరు కోడ్‌లు, మొత్తం 36 గుర్తులు. అనువాదం చూసే మనిషి ఆ ఫైల్‌ని ఎలా చదవాలి? జావా 9 నుంచి రిసోర్స్ బండిల్స్‌ని, అంటే ఇలాంటి మెసేజ్ ఫైళ్లని, యూటీఎఫ్-8లోనే చదువుతుంది, కానీ ఎడిటర్ కూడా అలాగే అనుకోవాలి కదా. నేను వేసుకున్న ఎక్లిప్స్‌లో ఈ ఫైళ్లకి పాత ఎన్‌కోడింగే ఉంది, కంటెంట్ టైప్స్ అనే చోటికి వెళ్లి మార్చుకున్నాను. ఇంటెలిజేలో ఒక టిక్ ఉంది, అది పెడితే ఫైల్‌లో కోడ్‌లే ఉన్నా తెర మీద తెలుగే కనబడుతుంది, పాత ప్రాజెక్టులు చూసేవాళ్లకి ఇది వరం. వీఎస్ కోడ్ అన్నిటినీ యూటీఎఫ్-8గానే తెరుస్తుంది కానీ కంటికి కనబడని అక్షరాల చుట్టూ గడి గీస్తుంది, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత మనం పెట్టే నాన్-జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) కూడా దాని లెక్కలో అనుమానాస్పదమే. సెట్టింగ్స్‌లో దాన్ని అనుమతించిన అక్షరాల్లో చేర్చేస్తే సరిపోతుంది, లేకపోతే తెలుగు ఫైల్ నిండా పసుపు గడులే.

ఏఐ సౌకర్యాలు ఈ పోలికలో కలపలేదు. అవి నెలనెలా మారిపోతున్నాయి, మూడింటికీ ఏదో ఒకటి దొరుకుతుంది.

నేను ఇంటెలిజే ఉంచుకున్నాను, ఆ హెచ్చరికల కోసం, ఆ టిక్ కోసం. షార్ట్‌కట్‌లు మాత్రం ఎక్లిప్స్‌వే పెట్టుకున్నా, ఆ కీమ్యాప్ అందులోనే ఉంటుంది, వేళ్లకి కొత్తగా నేర్పే పని తప్పింది. తమ్ముడి ల్యాప్‌టాప్ 8 జీబీ, అందుకే ఇప్పటికి ఎక్లిప్స్ వేసుకోమన్నాను, కాలేజీ ప్రాజెక్టుకి అది చాలు. రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో చూడమని కూడా చెప్పా, ఉంటే సంక్రాంతికి ఇంటికొచ్చేటప్పుడు ఇంకో 8 జీబీ తెస్తాను.