165 హెర్ట్జ్ వీఏ మానిటర్: పెట్టె మీది అంకెలు, తెర మీది పనితనం

పెళ్లిళ్ల, జాతరల వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి, సాయంత్రాలు పిల్లలు ఆటలు ఆడుకోవడానికి హనుమకొండలోని ఒక దుకాణంలో 27 అంగుళాల మానిటర్ కొన్నాను. రిజల్యూషన్ 2560×1440, ప్యానెల్ వీఏ రకం (నలుపును చిక్కగా చూపే ఎల్‌సీడీ తెర), రిఫ్రెష్ రేటు 165 హెర్ట్జ్, అంటే సెకనుకు 165 సార్లు కొత్త బొమ్మ. నలుపు ఎంతో చిక్కగా కనిపిస్తుంది, ఎడిటింగ్ టైమ్‌లైన్‌కు చోటు సరిపోతుంది, ఆ మేరకు పెట్టిన డబ్బుకు తగిన వస్తువే. అయితే పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన ‘1 మిల్లీసెకను’ను చూసి మాత్రం ఎవరూ దీన్ని కొనకూడదని నా అభిప్రాయం.

ఆ అంకె చూడగానే గుర్తొచ్చే రెస్పాన్స్ టైమ్ అంటే తెర మీది ఒక చుక్క ఒక బూడిద ఛాయ నుంచి మరో ఛాయకు మారడానికి పట్టే సమయం. సాధారణంగా ఆ మార్పులో 10 శాతం నుంచి 90 శాతం వరకే కొలుస్తారు కాబట్టి మొదలు, చివర లెక్కలోకి రావు. ఈ పెట్టె మీద అంకె పక్కనే చిన్న అక్షరాల్లో ఎంపీఆర్‌టీ అని ఉంది. అది చుక్క మారే వేగం కాదు, వెనుక దీపాన్ని ప్రతి ఫ్రేముకూ ఆర్పి వెలిగించి కదలికలోని మసకను తగ్గించినప్పుడు వచ్చే కొలత. ఆ సెట్టింగు పెట్టగానే వెలుతురు బాగా తగ్గింది, తెర వేగాన్ని గ్రాఫిక్స్ కార్డు వేగంతో కలిపే ఫ్రీసింక్ ఆగిపోయింది. గంటల తరబడి పని చేసేవారికి అది పనికిరాదు.

165 హెర్ట్జ్ దగ్గర దాదాపు 6 మిల్లీసెకన్లకు ఒక కొత్త ఫ్రేము వస్తుంది, చుక్క ఆలోగా మారకపోతే పాత బొమ్మ నీడ మిగిలిపోతుంది. వీఏ ప్యానెళ్లకు ముదురు రంగుల మధ్య మార్పే కష్టం. మేడారం జాతర రాత్రి దృశ్యాల్లో కెమెరా పక్కకు తిరిగినప్పుడు జనం తలల వెనుక నల్లని చారలు సాగాయి, పగటి దృశ్యాల్లో ఆ జాడే లేదు. చుక్కలు త్వరగా మారేలా చేసే ఓవర్‌డ్రైవ్ సెట్టింగును చివరి మెట్టుకు పెంచితే చారలు కొంత తగ్గినా వస్తువుల అంచుల చుట్టూ తెల్లని వలయాలు వచ్చాయి, అందువల్ల మధ్య మెట్టే మేలు. రాత్రి దృశ్యాలు ఎక్కువగా ఉండే ఆటలే ముఖ్యమైనవారు ముదురు రంగుల్లో ఇంత నీడ వదలని ఐపీఎస్ రకం ప్యానెల్ చూసుకోవడం మంచిది.

కేబుల్ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. పెట్టెలో వచ్చినది హెచ్‌డీఎంఐ కేబుల్, మానిటర్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు. దాని సామర్థ్యం సెకనుకు 18 గిగాబిట్లు అంటారు గానీ, బొమ్మకు దక్కేది 14.4 మాత్రమే. ఈ రిజల్యూషన్‌లో 165 హెర్ట్జ్‌కు, మామూలు 8 బిట్ల రంగులతో, చుక్కలకే 14.6 గిగాబిట్లు కావాలి. అందుకే ఆ దారిలో 144 దగ్గరే ఆగింది, మానిటర్‌కు ఉన్న మరో రకం పోర్టు డిస్‌ప్లేపోర్ట్‌కు కేబుల్ విడిగా కొని పెట్టాక 165 వచ్చింది. చేతిలో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే ఆ తేడా కోసం బాధపడనక్కరలేదు, 144కు 165కు మధ్య కంటికి తెలిసే తేడా స్వల్పం. కానీ హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు మార్చే చవక కేబుళ్లు చాలావరకు ఒక వైపే పనిచేస్తాయి కాబట్టి, ఏ చివర కంప్యూటర్‌కో అడిగి తెలుసుకున్నాకే కొనాలి.

డెస్క్‌టాప్ ఉన్నవారు కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి, విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగులు తెరిచి రిఫ్రెష్ రేటు చూడాలి. నా కంప్యూటర్‌లో అది కేబుల్ మార్చిన తరువాత కూడా 60 మీదే ఉంది, చేతితో మార్చాకే 165కు వెళ్లింది.