పరివేష్ పోర్టల్: అనుమతి వరకు సరే, ఆ తరువాత?

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టు 10న ప్రారంభించిన పరివేష్ పోర్టల్‌ను పరిశ్రమ పెట్టదలచినవారి వైపు నుంచి చూస్తే మెచ్చుకోక తప్పదు. పర్యావరణ, అటవీ, వన్యప్రాణి, తీరప్రాంత అనుమతుల కోసం కాగితాల కట్టలతో వేర్వేరు కార్యాలయాల చుట్టూ తిరగవలసిన పని తగ్గి, దరఖాస్తు ఎవరి దగ్గర ఉందో, ఏ దశలో ఉందో ఒకేచోట తెలుస్తుంది. ప్రభావం ఎక్కువగా ఉండే ‘ఎ’ కేటగిరీ ప్రాజెక్టులను కేంద్రం, తక్కువగా ఉండే ‘బి’ కేటగిరీవాటిని సాధారణంగా రాష్ట్రస్థాయి సంస్థ పరిశీలిస్తాయి. ప్రాజెక్టు పర్యావరణంపై చూపే ప్రభావాన్ని వివరించే తుది నివేదిక అందాక మదింపునకు 60 రోజులు, నిర్ణయానికి 45 రోజులు అని కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పెట్టిన గడువులకు ఇలాంటి వేదిక సహజంగానే ఊతమిస్తుంది.

అదే సేవను ప్రాజెక్టు పక్కన ఉండే ఊరి వైపు నుంచి చూస్తే మార్కులు తగ్గించక తప్పదు. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ముసాయిదా నివేదికను కలెక్టరేటులోనూ జిల్లా పరిషత్తులోనూ అందుబాటులో ఉంచాలి. సభ ముగిశాక అక్కడ వచ్చిన అభ్యంతరాలను స్థానిక భాషలో చదివి వినిపించి, ఆ రోజే సంతకాలు చేయాలన్న నిబంధన ఈ ప్రక్రియ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. అయితే ఆ సభకు కోరం అక్కరలేదని అదే నోటిఫికేషన్ చెబుతోంది. అంటే నలుగురే వచ్చినా సేకరణ జరిగినట్టే లెక్క. పైగా స్థానిక భాషలో తప్పనిసరిగా ఉండవలసింది నివేదిక సారాంశం మాత్రమే. బోరుబావుల నీటిమట్టం పడిపోతుందా లేదా అన్నది తేల్చే పట్టికలు ఇంగ్లీషులోనే ఉండిపోతే, ఆ బావుల మీద సాగు చేసే రైతు దేని మీద అభ్యంతరం చెప్పాలి?

వేగమే గీటురాయి అయితే ఏమవుతుందో 2022 జనవరిలో తేలింది. త్వరగా అనుమతులిచ్చే రాష్ట్రస్థాయి సంస్థలకు ఎక్కువ మార్కులు వేసే పద్ధతిని మంత్రిత్వ శాఖ ప్రకటించగా, పరిశీలించవలసినవారిని తొందరపెట్టడమేమిటని తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదే.

అసలు లోటు అనుమతి వచ్చాకే కనిపిస్తుంది. అనుమతితో పాటు విధించిన షరతుల అమలుపై పరిశ్రమ ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు నివేదిక సమర్పించాలి. కానీ దాన్ని రాసేది షరతులకు కట్టుబడవలసిన పరిశ్రమే; మొక్కలు నాటామని అది రాసిన వాక్యానికీ, క్షేత్రంలో బతికున్న మొక్కలకూ మధ్య తేడాను తనిఖీ అధికారి స్వయంగా వెళ్లి చూస్తే తప్ప ఏ పోర్టలూ పట్టుకోలేదు. దరఖాస్తుదారుగా అయిదుకు నాలుగు ఇస్తాను, పక్క ఊరివాడిగా రెండే. తనిఖీ తేదీలు, కొలిచిన అంకెలు, విధించిన జరిమానాలు ప్రతి అనుమతి పత్రం పక్కనే తెలుగులో కనిపించేలా చేస్తే ఆ రెండును మూడు చేయడానికి నాకు అభ్యంతరం లేదు.